పాత ట్రావెలర్‌ను క్యారవాన్‌గా కట్టిస్తున్నాం: మంచం ఎటు, బాత్రూం ఎటు?

కొబ్బరితోట_అమలాపురం:
అందరికీ నమస్కారమండి. 4020 మి.మీ. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్న ఫోర్స్ ట్రావెలర్ వ్యాను ఒకటి పాతది తీసుకున్నాం. ఇంట్లో ఆరుగురం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మావయ్యగారు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, రాత్రిళ్లు లేస్తుంటారు. మా తిరుగుళ్లు రెండు రకాలు. ఒకటి గుళ్లు, అంటే రోజుకో ఊరు. రెండోది ఎండాకాలం మారేడుమిల్లో అరకో వెళ్లి ఒకేచోట నాలుగు రోజులు పడి ఉండటం. షెడ్డువాళ్లు రెండు ప్లాన్లు గీసిచ్చారు. ఒకదాంట్లో వెనక అడ్డంగా కదలని మంచం, మధ్యలో వంట, బాత్రూం. రెండోదాంట్లో వెనకంతా సోఫా, రాత్రికి అదే పరుపు, బాత్రూం లేదు. ఏది నయం? ఏసీ, ఇన్సూరెన్స్ సంగతులు కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

రొయ్యలచెరువు_భీమవరం:
సోఫా మాత్రం వద్దండి బాబూ. మాది అదే. పగలు చూడ్డానికి పెళ్లివారి విడిదిలా ఉంటుంది. రాత్రి ద్వారకా తిరుమల నుంచి వచ్చేసరికి పిల్లలు దానిమీదే నిద్రపోయి ఉంటారు. వాళ్లను లేపాలి, బల్ల దించాలి, పరుపులు సర్దాలి, దుప్పట్లు వెతకాలి. పొద్దున్నే నాలుగింటికి మా నాన్నగారు లేచి కాఫీ అంటారు. కాఫీ తాగడానికి కూర్చునే చోటే లేదు, అందరూ పడుకునే ఉన్నారు కదా! రోజుకో ఊరు తిరిగేవాళ్లకు కదలని మంచం ఉండాల్సిందే. ఒకేచోట ఉండేవాళ్లకైతే సోఫా ఓకే, పొద్దస్తమానం కూర్చునేది అక్కడే కాబట్టి.

రావులపాలెం_బాడీషాపు:
మా నాన్నగారి కాలం నుంచి బస్సు బాడీలు కట్టే ఇల్లు మాది. అడిగినదానికి సూటిగా చెబుతా. అడ్డమంచం అన్నారు. ట్రావెలర్ బయటి వెడల్పే అంతంతమాత్రం. రెండు వైపులా ఇన్సులేషన్, దానిమీద ప్లై పోతే ఆరడుగుల మనిషి కాళ్లు చాపలేడు. మీవారి ఎత్తెంతో ముందు చెప్పండి. నిలువుగా వేస్తే కాళ్లకు ఇబ్బంది లేదు గానీ బండి పొడవు తినేస్తుంది.

ఇంకోటి. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల వీడియో పట్టుకుని ‘ఇలాగే కావాలి’ అని వస్తారు. వాళ్ల బండికి తలుపు కుడివైపు, మనకు ఎడమవైపు. ఆ ప్లాన్ అద్దంలో చూసినట్టు తిప్పి గీయాలి. తిప్పకపోతే తలుపు తీసిన చోట పొయ్యి వస్తుంది. నీళ్ల ట్యాంకు రెండు ఇరుసుల మధ్య ఉండాలి. 200 లీటర్లంటే 200 కిలోలు. దాన్ని వెనక తోకకు వేలాడదీస్తే బండి ముందు తేలిపోతుంది, తోక నేలకు రాసుకుంటుంది.

సఖినేటిపల్లి_రేవు:
తోక రాసుకోవడం గురించి మా రేవుకు రండి, చూపిస్తాం. గోదావరి దాటించే నరసాపురం పంటు ఎక్కేటప్పుడు నీళ్లు తగ్గి పాటులో ఉంటే రేవు వాలు నిటారుగా ఉంటుంది. పొడుగు బండి వెనక బంపరు గీసుకుంటూనే ఎక్కుతుంది. పోటు మీద ఉన్నప్పుడు వస్తే హాయి. లేకపోతే చించినాడ వంతెన మీదుగా తిరిగి వెళ్లండి, డీజిల్ పోతే పోయింది.

కాకినాడ_గాలి:
పంటు మీద ట్రావెలర్ ఎక్కిస్తున్నారా ఇప్పుడు? టికెట్ ఎంత?

సఖినేటిపల్లి_రేవు:
ఎక్కిస్తారు. రేటు రేవులో అడగండి, నేను పంటువాణ్ని కాదు.

మామ్మగారి_మనవరాలు:
అక్కా, మంచం అటా ఇటా అన్నది తర్వాత. ముందు అత్తయ్యగారు చీకట్లో ఎలా నడుస్తారో చూడండి. మంచాలన్నీ పరిచాక మధ్యదారి మిగులుతుందా? మామ్మ లేచిన ప్రతిసారీ మేం ముగ్గురం లేచి కూర్చునేవాళ్లం, ఎందుకంటే దారిలోనే మా పరుపు. ఆవిడ మమ్మల్ని లేపడం ఇష్టంలేక నీళ్లు తాగడం మానేసింది. పెద్దవాళ్లున్న బండికి బాత్రూం తప్పదు, అదీ వాళ్ల పక్కకు రెండడుగుల్లో ఉండాలి. మాది క్యాసెట్ టాయిలెట్. కింద డబ్బా బయటనుంచి లాగి తీసుకెళ్లి పారబోయడమే. లోపల ఒక కడ్డీ బిగించండి, పట్టుకోవడానికి.

గట్టుమీద_బండి:
బాత్రూం శుద్ధ దండగ. మూడడుగుల చోటు పోతుంది, ఎండాకాలం కంపు. పొయ్యి పక్కనే దొడ్డి ఏమిటండీ అని మా ఇంట్లో పెద్దవాళ్లయితే ఆ బండిలో మంచినీళ్లు కూడా ముట్టలేదు. హైవే మీద బంకులున్నాయి, సత్రాలున్నాయి. మరీ అవసరమైతే ప్లాస్టిక్ పోర్టబుల్‌ది ఒకటి పెట్టుకుంటే చాలు. మేం తెల్లారేసరికి గట్టు మీద ఆపి కాలవలో ఖాళీ చేసేస్తాం. ఏ గొడవా లేదు.

శివారు_ఊరు:
ఏ కాలవలో?

గట్టుమీద_బండి:
ఏదో కాలవ. పారే నీళ్లేగా.

శివారు_ఊరు:
ఆ పారే నీళ్లే మా మంచినీళ్ల చెరువులోకి వస్తాయి సార్. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్లు మీ ఊళ్లన్నీ దాటుకుని చివరికి మా దగ్గరికి చేరతాయి. ఎండాకాలం కాలవలు కట్టేసే ముందు చెరువు నింపుకుంటే, మళ్లీ వదిలేదాకా ఊరంతా అవే తాగాలి. మీరు పైన తెల్లారగట్ల చేసే పని మాకు బిందెలోకి వస్తుందన్నమాట. దాన్ని ఇక్కడ చిట్కాలా రాస్తున్నారా?

గట్టుమీద_బండి:
ఊళ్లకు ఊళ్లు మురుగు వదులుతుంటే లేనిది నా ఒక్క డబ్బాతో కాలవ పాడైపోయిందా? రొయ్యల చెరువుల నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ముందు అది అడగండి.

రొయ్యలచెరువు_భీమవరం:
నా ఐడీ చూసి అంటున్నట్టుంది. మా నీళ్లు మురుగు డ్రెయిన్‌లోకి పోతాయి, పంట కాలవలోకి కాదు. తేడా తెలియకపోతే గట్టు మీద బండి నడపడం మానేయండి.

గట్టుమీద_బండి:
డ్రెయిన్ పక్క పొలాలు ఉప్పుతేలింది ఎవరివల్లో జిల్లా అంతా తెలుసు.

శివారు_ఊరు:
మీ ఇద్దరి గోల మాకెందుకు? కాలవలో పారబోయకండి. అంతే.

మామ్మగారి_మనవరాలు:
డబ్బా ఇంటి సెప్టిక్ ట్యాంకులోనో, అడిగితే ఒప్పుకునే లాడ్జిలోనో ఖాళీ చేసుకోవచ్చు. ఒక్క మాట, డబ్బాలో పోసే మందు ఫార్మలిన్ రకమైతే సెప్టిక్ ట్యాంకులో బ్యాక్టీరియాను చంపేస్తుంది. ఎంజైమ్ రకం అడిగి తీసుకోండి. చూశారా, దీనికి కాలవ అక్కర్లేదు.

నిర్వాహకుడు:
కాలవ, చెరువు, డ్రెయిన్ ఇక్కడితో ఆపండి. ఆవిడ అడిగింది మంచం గురించి.

కాకినాడ_గాలి:
ఏసీ గురించి ఎవరూ చెప్పలేదు. 12.8 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం బ్యాటరీ అంటే రెండున్నర యూనిట్ల కరెంటు. గంటకు ఒక యూనిట్ లాగే ఏసీ వేస్తే రెండున్నర గంటల్లో హరీ. తెల్లవార్లూ కావాలంటే నాలుగు బ్యాటరీలు పెట్టాలి, లేదా రాత్రిపూట కరెంటు ఇచ్చే చోటే ఆగాలి. మన దగ్గర ఏసీ కన్నా ముందు దోమతెర చూసుకోవాలి. మంచానికి రెండు వైపులా తలెత్తున కిటికీలు, వాటికి జాలీ, పైన లాగే ఫ్యాను. డిండి వైపు చీకటి పడ్డాక తలుపు తీసి ఉంచి చూడండి, తెలుస్తుంది.

రావులపాలెం_బాడీషాపు:
ఫ్యాను పైకప్పు కోసి పెడితే వానాకాలం కారుతుంది. చేతకానివాళ్లతో కోయించొద్దు.

కాకినాడ_గాలి:
కారిందంటే అంచుల్లో సీలెంట్ సరిగా వేయలేదనే కదా. మీ బాడీషాపులవాళ్ల సంగతి నా దగ్గర ఎత్తకండి. నాకు తడికి తట్టుకునే మెరైన్ ప్లై అని చెప్పి ఒకాయన మామూలు కమర్షియల్ వేశాడు. ఒక్క వానాకాలానికే సింకు కింద అరలు బొబ్బట్టులా ఉబ్బాయి. ఇప్పుడు తలుపులు పడవు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి బిజాగిరీలు కూడా తుప్పు పట్టాయి. ప్రతి షీటు మీదా మెరైన్ ప్లైకి ఉండే ఐఎస్ 710 ముద్ర చూశాకే కోయనివ్వండి.

రావులపాలెం_బాడీషాపు:
అందరినీ ఒకే గాటన కట్టకండి. మేం షీటు కొనేటప్పుడు కస్టమర్‌ను పక్కన నిలబెట్టుకుంటాం.

ఘాట్‌రోడ్డు_మారేడుమిల్లి:
పడక ఎన్ని అని లెక్కేస్తున్నారు, సీట్లు ఎన్ని అని ఎవరూ అడగరేం? ఆరుగురు పడుకునే బండిలో ఆరుగురూ ముందుకు చూసి, బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. రెండో ప్లాన్‌లో సోఫా పక్కకు తిరిగి ఉంటుంది. ఘాట్ ఎక్కుతుంటే పిల్లలకు వాంతులు ఖాయం, సడన్ బ్రేక్ వేస్తే పెద్దావిడ నేల మీద ఉంటారు. ముందు మూడు వరుసలు సీట్లు అలాగే ఉంచి, మిగిలిన దాంట్లో మంచం చూసుకోండి.

ఆర్‌సీ సంగతి. ఆర్‌సీలో ఉన్నదానికి తేడాగా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. ముందే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే క్లెయిమ్ రోజున వాళ్లు చెబుతారు. గ్యాసు పెడితే నేలమట్టాన గాలి పోయే కన్నం ఉండాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది.

గట్టుమీద_బండి:
సీట్లు, బాత్రూం, మంచం, వంట అన్నీ పెట్టాలంటే బస్సు కొనుక్కోవాలి.

మామ్మగారి_మనవరాలు:
అక్కా, కాగితం మీద ప్లాన్ చూస్తే ఏమీ తెలియదు. వాకిట్లో ముగ్గుపిండితో బండి అసలు కొలతకు గీయండి. మంచాల చోట నులకమంచం వేయండి, కిచెన్ చోట బల్ల పెట్టండి, బాత్రూంకు నాలుగు కర్రలు పాతి చీర కట్టండి. అత్తయ్యగారిని అందులో నడిపించండి.

కొబ్బరితోట_అమలాపురం:
గీశామండి! వీధంతా వచ్చి చూశారు. మావారు ఐదడుగుల పదకొండు, అడ్డమంచం మీద మడమలు గీత దాటిపోయాయి, కాబట్టి అది కొట్టేశాం. సోఫా ప్లాన్ మావయ్యగారికి నచ్చింది గానీ అత్తయ్య ఒప్పుకోలేదు. చీర కట్టిన బాత్రూంలోకి వెళ్లి, తిరగడానికి మోచెయ్యి ఆడటం లేదని అర అడుగు జరిపించారు. ఇప్పుడనుకుంటున్నది ఇది. ముందు ఆరు సీట్లు, ఎడమవైపు తలుపు పక్కన చిన్న వంట, వెనక కుడివైపు నిలువుగా మంచం, దాని ఎదురుగా బాత్రూం. పిల్లలకు సీట్ల పైన మడిచే బెర్తులు. మావారు, మావయ్య అరకు వెళ్లినప్పుడు బయట టెంటు వేసుకుంటారట, గుళ్లకు వెళ్తే సత్రంలో గది తీసుకుంటారట. నీళ్లు వంద లీటర్లు చాలనుకుంటున్నాం. 2027 పుష్కరాలకు బండి రెడీ అవ్వాలి.

రావులపాలెం_బాడీషాపు:
వంట, బాత్రూం రెండూ ఎడమవైపు, కాబట్టి ట్యాంకు, బ్యాటరీలు కుడివైపు పెట్టండి. లేకపోతే బండి ఒక పక్కకు వంగుతుంది. కొలతల కాగితం పంపండి, చూస్తాను. ఊరికే చూస్తాను, డబ్బులొద్దు.

రొయ్యలచెరువు_భీమవరం:
ఇంతకీ మా సోఫా ఎవరికైనా కావాలా? పరుపులు కొత్తవే.