వరంగల్ రాతికోట ద్వారం ముందు బండి ఫోటో ఎలా తీయాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర నల్లరంగు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఉంది. వరంగల్ కోటలో రాతిగోడ ద్వారం వెనుక నిండుగా కనిపించేలా దానికి ఒక మంచి ఫోటో తీసి, పెద్ద ప్రింటు వేయించి ఇంట్లో పెట్టుకోవాలని నా కోరిక. ఫోనుతోనూ, మా బావగారి కెమెరాకున్న 18-55 మి.మీ. జూమ్ లెన్సుతోనూ తీసి చూశాను. ద్వారం మొత్తం పట్టాలని వెనక్కి జరిగితే బండి మరీ చిన్నదైపోతోంది. బండి దగ్గరకు వస్తే ముందుచక్రం ఉబ్బినట్టు, వెనుకచక్రం కుంచించుకుపోయినట్టు వస్తోంది. పైగా గోడలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి ఒరిగినట్టు కనిపిస్తున్నాయి, నల్లటి ట్యాంకు ద్వారం నీడలో కలిసిపోతోంది. బండిని ద్వారానికి బాగా దగ్గరగానే నిలుపుతున్నాను. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

జవాబు (కాజీపేట నుంచి)

నమస్కారం సోదరా. బండిని ద్వారానికి బాగా దగ్గరగా నిలుపుతున్నానని మీరు రాసిన మాటలోనే అసలు కారణం ఉంది. ద్వారం కదలదు కాబట్టి కదలవలసినది బండి, ఆ తరువాత మీరు; లెన్సు సంగతి అన్నిటికన్నా ఆఖరున చూసుకోవలసినది.

ఒక వస్తువు ఫోటోలో ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది దాని అసలు కొలతను కెమెరా నుంచి దానికున్న దూరంతో భాగిస్తే తెలిసిపోతుంది. మీ బండి పొడవు రెండు మీటర్ల పైచిలుకు. అది మీకు 8 మీటర్ల దూరంలోనూ, 10 మీటర్ల వెడల్పున్న కట్టడం 40 మీటర్ల దూరంలోనూ ఉంటే, ఫోటోలో రెండూ ఇంచుమించు ఒకే వెడల్పుతో కనిపిస్తాయి. అదే బండిని కట్టడం పక్కకు తీసుకెళ్లి నిలిపి, 40 మీటర్ల నుంచే తీస్తే, బండి ఆ కట్టడంలో ఐదో వంతు మాత్రమే ఉంటుంది. నిలబడిన చోటు మారనంత వరకు ఏ లెన్సు వేసినా ఈ నిష్పత్తి మారదు, ఎందుకంటే లెన్సు నిర్ణయించేది ఎదురుగా ఉన్నదానిలో ఎంత మేర ఫ్రేములోకి రావాలన్నది మాత్రమే. కాబట్టి బండిని ద్వారం నుంచి బాగా ముందుకు తెచ్చి, దానికి ఏడెనిమిది మీటర్ల దూరంలో మీరు ఉండి, జూమ్‌ను 35 మి.మీ. దగ్గర పెట్టండి. అంత దూరం నుంచి తీస్తే ముందుచక్రం ఉబ్బడం కూడా పోతుంది. ఫోనులో అయితే మామూలు లెన్సు వదిలేసి 2ఎక్స్ జూమ్ వాడండి.

గోడలు ఒరగడానికి కారణం వేరు. పైభాగం తెగిపోతుందని కెమెరా మూతిని పైకెత్తినప్పుడే నిలువు గీతలు లోపలికి వంగుతాయి. తెర మీద గ్రిడ్ గీతలు (అడ్డం నిలువు గళ్లు) పెట్టుకుని కెమెరాను సమంగా ఉంచండి. పైన చోటు చాలకపోతే ఎత్తకుండా కొంచెం వెడల్పుగా తీసి, కింద మిగిలిన నేలను తరువాత కత్తిరించండి.

కెమెరా ఎత్తు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పట్టించుకోనిది ఇదే. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే బండిలో చాలా భాగానికి వెనుక పడేది రోడ్డు, మట్టి మాత్రమే. మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాను ఇంజను పైభాగం ఎత్తుకు దించితే, ట్యాంకు, హ్యాండిలు, అద్దాలు నేల గీతను దాటి రాతి మీదకు లేస్తాయి, బండికి నిండుదనం వస్తుంది. అప్పుడు ట్యాంకు వెనుక ద్వారంలోని చీకటి పడకుండా, ఎండ పడిన రాతిముఖం పడేలా ఒకటి రెండు అడుగులు పక్కకు జరగండి. నల్లబండిని రాతి నుంచి విడదీసేది ఆ ఎండే.

ఎండ ఏ వేళ పడితే ఆ వేళ పనికిరాదు. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది గనుక మే నడుమన మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ట్యాంకు మీద తెల్లటి మచ్చ పడి, ఇంజనంతా నీడలో మునిగిపోతుంది. డిసెంబరు చివరలో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు దాటడు, ఉదయం సాయంత్రాలైతే ఇంకా మెత్తటి ఏటవాలు ఎండ దొరుకుతుంది. తూర్పు ముఖమున్న రాతికి ఉదయం, పడమటి ముఖానికి సాయంత్రం వెళ్లండి. ఎండ గోడను రాసుకుంటూ పక్కనుంచి పడినప్పుడు గ్రానైటు మీద ఉలి దెబ్బలు ఒక్కొక్కటిగా లేచి కనిపిస్తాయి. పెద్ద ప్రింటులో ఆ గరుకుదనమే అందం.

జవాబు (వరంగల్ కోట ప్రాంతం నుంచి)

పై సలహాలతో ఏకీభవిస్తూ, స్థలం గురించి కొన్ని మాటలు చెబుతాను. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేయించిన గోడ అది, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కోటలోకి వెళ్లే రోడ్డు ద్వారం గుండానే సాగుతుంది కాబట్టి బండితో ఫోటో తీయడానికి అక్కడ వీలుంది. కీర్తి తోరణాలున్న కంచె లోపలికి మాత్రం బండి తీసుకెళ్లాలని చూడకండి. ట్రైపాడు పెట్టాలన్నా, లైట్లు వాడాలన్నా ముందుగా అనుమతి తీసుకోండి. బండిని గోడకు ఆనించడం, చెక్కిన రాయి మీద హెల్మెటు పెట్టడం తప్పు.

ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. శత్రువు నేరుగా దూసుకురాకుండా ఆ ద్వారాలను మలుపు తిప్పి కట్టారు, అందువల్ల లోపలి నుంచి వచ్చే వాహనం దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. బండిని మలుపులో కాకుండా రోడ్డు దిగి మట్టి అంచున నిలపండి, తోడుగా ఒకరిని మలుపు దగ్గర ఉంచండి. వాన పడిన నేలలో సైడ్ స్టాండు దిగబడుతుంది, కింద పెట్టడానికి చిన్న చెక్కముక్కను ఇంటి నుంచే తెచ్చుకోండి. కోటలోని రాయిని ఏరి వాడవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బండిని నిలపవలసిన చోటు విషయం ఇప్పుడు స్పష్టమైంది. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. బండిని ఏ వైపు నుంచి తీయాలి? క్రోము భాగాల్లో నేనూ, ఆకాశమూ ప్రతిబింబిస్తున్నాం, దానికి పోలరైజర్ ఫిల్టరు (మెరుపు తగ్గించడానికి లెన్సు ముందు బిగించేది) కొంటే సరిపోతుందా అన్నగారూ?

జవాబు (కాజీపేట నుంచి)

సైలెన్సరు ఉన్న కుడివైపు నుంచి తీయండి. సైడ్ స్టాండు ఎడమవైపు ఉండడం వల్ల కుడినుంచి చూస్తే బండి అవతలికి వాలినట్టు ఉంటుంది, కనుక సెంటర్ స్టాండు వేసి నిటారుగా నిలపండి. హ్యాండిలును కొద్దిగా తిప్పి ముందుచక్రం ముఖం మీ వైపు కనిపించేలా చూడండి.

పోలరైజర్ ట్యాంకు రంగు మీది మెరుపును, గాజు మీది మెరుపును తగ్గిస్తుంది, కానీ క్రోము వంటి లోహం మీది ప్రతిబింబాన్ని తీసేయలేదు. ఆ పనికోసమే అయితే కొనకండి. ముదురు రంగు దుస్తులు వేసుకుని, షట్టరును టైమరు మీద పెట్టి పక్కకు తప్పుకుంటే ఖర్చు లేకుండానే పని జరుగుతుంది. అయితే కెమెరాను పెట్టడానికి ఆధారం కావాలి కదా, ట్రైపాడుకు అనుమతి లేకపోతే కెమెరాను మీ హెల్మెటు మీద ఆనించి నేలకు దగ్గరగా ఉంచవచ్చు. క్రోములో అప్పటికీ ఆకాశం కనిపిస్తే కనిపించనివ్వండి, సాయంత్రం రంగులు దానికి అందాన్నే ఇస్తాయి.

బండి నల్లనిది కాబట్టి కెమెరా దాన్ని తెల్లబరచాలని చూస్తుంది. ఎక్స్‌పోజరును (ఫోటోకి అందే వెలుతురును) కొద్దిగా తగ్గించి, కెమెరా పట్టినది పట్టినట్టు దాచే రా (RAW) ఫైలులో తీయండి. 35 దగ్గర అపర్చరును (లెన్సులోని కాంతి రంధ్రాన్ని) ఎఫ్/11 కు పెట్టి ట్యాంకు మీద ఫోకస్ చేస్తే వెనుక ద్వారం కూడా స్పష్టంగానే వస్తుంది. బయలుదేరే ముందు మెత్తటి పొడిగుడ్డ ఒకటి వెంట ఉంచుకోండి, కోట దాకా వెళ్లేసరికి మడ్‌గార్డు మీద పడిన దుమ్ము ఏటవాలు ఎండలో రేణువు రేణువుగా కనిపిస్తుంది.