పాత చెక్క కిట్టు గోడలు అప్పడాల్లా వంగిపోయాయి. కట్టాలా, పెట్టెలోనే దాచాలా?

బేస్‌మెంట్_జంక్షన్ (బోస్టన్ దగ్గర):

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

జనవరిలో వెస్ట్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగే రైల్వే హాబీ షోకి, అంటే బొమ్మ రైళ్లు, వాటి పక్కన పెట్టే చిన్న భవనాలు కట్టేవాళ్ల షోకి, మావాడిని తీసుకెళ్లాను. వాడు నడిచే రైళ్ల దగ్గర నిలబడిపోయాడు, నేను ఓ మూల పాత సామాన్ల టేబుల్ దగ్గర ఆగిపోయాను. అక్కడ రెండు కొన్నా. ఒకటి క్యాంప్‌బెల్ కంపెనీ వాళ్ల స్కల్ వ్యాలీ స్టేషన్ కిట్టు, హెచ్‌ఓ స్కేలు (అసలు దానిలో 87వ వంతు సైజు), ఇంతవరకు ఎవరూ కట్టనిది. రెండోది ఎవరో ఎప్పుడో కట్టేసిన చెక్కల మిల్లు, కప్పు ఒక పక్కకి జారి, కిటికీలు పచ్చబడి ఉంది.

నేను ఇదివరకు ప్లాస్టిక్ కిట్లే చేశాను. అవి ముక్కలు తెంపుకుని అంటించుకోవడమే. దీని పెట్టె తెరిస్తే సన్న చెక్క బద్దల కట్టలు, గాళ్లు గీసిన పలకలు, కప్పు మీద పెంకుల్లా వరసగా అంటించే కాగితం షింగిల్స్ చుట్ట, ఒక డ్రాయింగు. మా ఆవిడ చూసి "అగరబత్తి పుల్లలకి ఇంత పెట్టారా" అంది.

తప్పు నాదే. ఆ పెట్టె మూత తీసి బేస్‌మెంట్‌లో వదిలేశా, వేసవి మొత్తం అలాగే ఉండిపోయింది. నిన్న చూస్తే పొడుగు గోడలు రెండూ అప్పడాల్లా వంగాయి. వీటిని సాపు చెయ్యొచ్చా? అసలు ఇంత పాతది కట్టొచ్చా, లేక అలాగే దాచి ఉంచాలా? ఆ కట్టేసిన మిల్లులో చిన్న చిన్న లోహపు ముక్కల మీద తెల్లటి బూడిదలాంటిది పట్టి ఉంది, అది బూజా? ఎవరైనా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

—

పాత_పట్టాలు (సాక్రమెంటో):

బాబూ, టెన్షన్ పడకు. వంగింది అంతే, విరగలేదు కదా.

అది బాస్‌వుడ్. మెత్తగా, సమంగా ఉంటుంది, పోగు కనపడదు, అందుకే ఈ కిట్లన్నీ దానితోనే చేస్తారు. కానీ గాలిలో తేమ ఎంత ఉంటే అంత తాగుతుంది. ఒక వైపు గాళ్లు గీసి, ఇంకో వైపు నున్నగా ఉన్న పలక రెండు వైపులా ఒకేలా తాగదు, ఆరేటప్పుడు ఒకేలా ఆరదు, అందుకని వంగుతుంది. గుంట పడ్డ వైపు ఉందే, అది కుంచించుకుపోయిన వైపు. చాలామంది ఉబ్బిన వైపు తడిపి గట్టిగా నొక్కుతారు, అది తప్పు. గుంట వైపే తడిగుడ్డతో ఒక్కసారి తుడువు, నీళ్లు కారేలా కాదు, మన అమ్మలు ఇస్త్రీ ముందు చీర మీద చిలకరించినంత. తరవాత వాక్స్ పేపర్ మధ్య పెట్టి, మిగిలిపోయిన గ్రానైట్ టైలు రెండు ఉంటే వాటి మధ్య బిగించి, పైన లావు పుస్తకాలు పెట్టి మూడు రోజులు మర్చిపో. మధ్యలో తీసి చూడకు. నేను ప్రతిసారీ చూస్తాను, ప్రతిసారీ మళ్లీ మొదలెట్టాల్సి వస్తుంది.

సాపు అయ్యాక అలా వదిలేస్తే మళ్లీ వంగుతుంది. లోపలి వైపు ఎనిమిదో వంతు అంగుళం చదరపు బద్దలు, అంటే సుమారు మూడు మిల్లీమీటర్లు, పైన ఒకటి కింద ఒకటి అడ్డంగా, మూలల్లో నిలువుగా అంటించు. డ్రాయింగులో చూపించిన దానికన్నా ఎక్కువ పెట్టు, లోపలున్నది ఎవరికీ కనపడదు. జిగురు పల్చగా రాయి, ఎందుకంటే తెల్ల జిగురైనా పసుపు జిగురైనా అందులోనూ నీళ్లుంటాయి.

రంగు సంగతి. గోడలు నిలబెట్టాక రంగు వేద్దాం అనుకోవద్దు. ముందే, రెండు వైపులా. నేను వాడేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇండియా ఇంక్ (నల్ల సిరా), అర లీటరుకి రెండు టీస్పూన్లు. నీళ్ల రంగు కన్నా దీనితో చెక్క తక్కువ వంగుతుంది, తొందరగా ఆరుతుంది, ఎండకి వెలిసిన చెక్క బూడిదరంగు సరిగ్గా వస్తుంది. జిగురు పడ్డ చోట ఈ స్టెయిన్ ఎక్కదు, తెల్ల మచ్చ మిగిలిపోతుంది, అందుకే బద్దలన్నీ కొయ్యకముందే ముంచి ఆరబెట్టుకోవాలి. పాత డ్రాయింగుల్లో ఫ్లోక్విల్ రంగుల పేర్లు ఉంటాయి, వాటికోసం వెతకకు, 2013లో ఆపేశారు. దొరికినా ఆ ద్రావకం వాసనకి ఇంట్లోవాళ్లు నిన్ను బేస్‌మెంట్‌లోనే ఉంచేస్తారు.

షింగిల్స్ చుట్ట వెనక బంక ఉంటుంది, స్టాంపుకి ఉన్నట్టు. ఇన్నేళ్లయ్యాక దాన్ని నమ్మకు. పలచటి తెల్ల జిగురు గీతలా రాసి, కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి రా. వరసకీ వరసకీ సందులు కలవకూడదు, నిజం ఇంట్లో అయితే అక్కడే కారుతుంది. పెన్సిల్ గీతలు ముందే గీసుకో, లేకపోతే శిఖరం దగ్గరికి వచ్చేసరికి వరసలు వాలిపోయి ఉంటాయి. ఆ చుట్ట పెళుసుగా ఉంటే అంత పొడుగూ ఒకేసారి విప్పకు, కావలసినంతే తియ్యి.

కట్టాలా దాచాలా అన్నావు. కట్టు. ఆ స్టేషన్ నిజంది అని తెలుసా? అరిజోనాలో సాంటా ఫే రైల్వే కంపెనీ వాళ్ల పాత లైను ఒకటుంది, కొండల్లో బఠాణీ తీగలా మెలికలు తిరుగుతూ పోతుందని దానికి పీవైన్ అని ముద్దుపేరు. ఆ లైను మీది స్కల్ వ్యాలీలో ఆ చెక్క డిపో, అంటే స్టేషన్ భవనం, ఇప్పుడు మ్యూజియంగా నిలబడే ఉంది. ఫొటోలు చూసుకుంటూ కట్టు. అది పెట్టెలో ఉంటే పుల్లలే, మీ ఆవిడ అన్నది నిజమే.

—

పెట్టె_విప్పను (న్యూజెర్సీ):

పెద్దాయన మాటకి అడ్డు చెప్పడం కాదు గానీ, ప్రతి కిట్టుకీ ఈ సలహా పనికిరాదు. క్యాంప్‌బెల్ అయితే సరే, చాలా ఏళ్లు అమ్మారు, ఇంకోటి దొరుకుతుంది. అదే మసాచుసెట్స్‌లోని పీబడీలో జార్జ్ సెల్లియోస్ 1967లో మొదలుపెట్టిన ఫైన్ స్కేల్ మినియేచర్స్ పెట్టె అయితే ఏమంటారు? అవి కొద్ది సంఖ్యలోనే చేశారు, అయిపోతే అయిపోయినట్టే. ముక్కలన్నీ ఉన్న పెట్టెకి ఇప్పుడు వందల డాలర్లు ఇచ్చేవాళ్లున్నారు. నా దగ్గర మూడున్నాయి. విప్పను.

—

పాత_పట్టాలు:

విప్పకపోతే ముక్కలన్నీ ఉన్నాయని నీకెలా తెలుసు నాయనా?

సెల్లియోస్ ఆ పుల్లలతో తనే ఫ్రాంక్లిన్ అండ్ సౌత్ మాంచెస్టర్ అని బొమ్మ రైళ్లతో ఒక ఊరికి ఊరు కట్టాడు, 1930లలో పనుల్లేని రోజుల న్యూ ఇంగ్లాండ్, అంటే అమెరికా ఈశాన్య మూల, ఎలా ఉండేదో అలా. గోడల మీద వెలిసిన ప్రకటనలు, సందుల్లో చెత్త, వంగిన మెట్లు. ఆయన పెట్టెలు అమ్మింది జనం కడతారనే. సరేలే, నీ డబ్బు నీ ఇష్టం. కనీసం ఏడాదికోసారి మూత తీసి చూడు, వెండిచేపలు, అదే కాగితం తినే సిల్వర్‌ఫిష్ పురుగులు, తింటున్నాయేమో.

—

విశాఖ_బోగీ:

వెండిచేపల మాట వచ్చింది కాబట్టి నేనూ చెప్తా. మాది విశాఖ, సముద్రం పక్కనే, ఇక్కడ తేమ గురించి మీకు చెప్పక్కర్లేదు. అమెరికాలో ఉన్న బావగారు పాత చెక్క కిట్టు ఒకటి తెచ్చిచ్చారు, నీళ్ల ట్యాంకు. వర్షాకాలం తరవాత చూస్తే డ్రాయింగు కాగితం అంచులు నాకేసినట్టు తినేశాయి, షింగిల్స్‌లో రెండు వరసలు లేవు. పురుగు చెక్క జోలికి మాత్రం పోలేదు. ఇప్పుడు బీరువాలో బట్టలకి వేసినట్టు కలరా ఉండలు వేసి పెట్టా. చెదలకి కూడా పనికొస్తాయి కదా?

మన దగ్గర ఇలాంటి కిట్లు ఎవరూ ఎందుకు చెయ్యరని చాలాసార్లు అనుకున్నా. మన స్టేషన్లు చూడండి, రాయి, ఇటుక, సున్నం. చెక్క గోడల డిపో మనకెక్కడుంది? పైగా హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజ్‌ని అదే 1:87లో లెక్కేస్తే 19 దాటుతుంది. కాబట్టి నేను సిగ్గుపడకుండా అమెరికా ఊరే కడుతున్నా, గోడల వెనక బద్దలకి ఐస్‌క్రీం పుల్లలు చీరి వాడుతున్నా. బాస్‌వుడ్‌కి బదులు బాల్సా వాడి చూశా, మరీ మెత్తన, గోరు తగిలినా గుంట పడుతోంది.

—

తెల్ల_చేతితొడుగు:

విశాఖ గారూ, ఆ కలరా ఉండలు ఇవాళే తీసెయ్యండి. నాఫ్తలీన్ ఆవిరి పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. మీ కిట్టులో కిటికీలు, తలుపులు అదే ప్లాస్టిక్ అయివుంటే మూసిన డబ్బాలో అవి జిగటగా తయారవుతాయి. పెట్టెని నేలకి, గోడకి ఆనకుండా గాలి ఆడే ఎత్తులో పెట్టండి, లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి రంగు మారినప్పుడు మార్చండి, కాగితాలు విడిగా జిప్ కవర్లో పెట్టండి. డ్రాయింగు ముందు స్కాన్ చేసుకోండి. ప్రింటు తీశాక దాని మీదున్న స్కేలు గీతని రూలరుతో కొలిచి చూడాలి, చాలా ప్రింటర్లు పేజీకి సరిపెట్టడానికి ఓ రెండు మూడు శాతం కుదించేస్తాయి, గోడ పొడుగు తప్పుతుంది.

నేను మ్యూజియంలో పాత వస్తువులు బాగుచేసే పని చేస్తాను, కాబట్టి అసలు పోస్టులోని తెల్ల బూడిద గురించి చెప్పకుండా ఉండలేను. ఫొటో చూడకుండా ఖాయంగా చెప్పను గానీ, ఆ కాలపు చిన్న పోత ముక్కలు, అంటే పీపాలు, పొగగొట్టాలు, పెట్టెలు, చాలావాటిలో సీసం ఉంటుంది. అట్టపెట్టెలోంచి, చెక్కలోంచి సన్నగా పుల్లటి ఆవిరి వస్తూనే ఉంటుంది, వెనిగర్‌లో ఉండే ఆమ్లమే. మూసి ఉన్న చోట అది సీసాన్ని తిని తెల్ల పొడి చేస్తుంది. అది బూజు కాదు, విషం. బ్రష్షుతో పొడిగా దులపొద్దు, ఊదొద్దు. మాస్కు, చేతితొడుగులు వేసుకుని తడి దూదితో తుడిచి, ఆ దూది కవర్లో కట్టి పారెయ్యండి. ఆరాక ప్రైమరో వార్నిషో పల్చగా వేస్తే కొంత ఆగుతుంది. కిట్టులో ఇంకా వాడని లోహపు ముక్కలుంటే అట్టపెట్టెలోంచి తీసి పాలిథీన్ జిప్ కవర్లో ఉంచండి. మీ అబ్బాయి చేతికి మాత్రం ఆ మిల్లు ఇప్పుడే ఇవ్వకండి.

జారిన కప్పు సంగతి. ముందు ఏ జిగురో తెలుసుకోవాలి. కనపడని మూలలో, ఇయర్ బడ్‌తో గోరువెచ్చటి నీళ్లు అద్ది పది నిమిషాలు చూడండి. తెల్లబడి మెత్తబడితే తెల్ల జిగురు, నెమ్మదిగా విప్పుకోవచ్చు. కదలకుండా గోధుమరంగులో గాజులా ఉంటే ఆ రోజుల్లో వాడిన ఆంబ్రాయిడ్ లాంటి సెల్యులోజ్ జిగురు కావచ్చు. దానికి అసిటోన్ కావాలి, కానీ అసిటోన్ చుక్క పడితే ప్లాస్టిక్ కిటికీ కరిగిపోతుంది, రంగు పోతుంది. కిటికీలు తియ్యడానికి వీల్లేకపోతే విప్పే ఆలోచన మానుకుని లోపలి నుంచి బద్ద ఆసరా పెట్టండి. పచ్చబడిన కిటికీ అద్దాలకి వైద్యం లేదు, తీసేసి సన్న పారదర్శక స్టైరీన్ రేకు పెట్టుకోండి.

—

పాత_పట్టాలు:

అమ్మా, అసిటోన్ సంగతి నేను చెబుదామనుకుని మర్చిపోయా. 1990ల్లో ఒక గోదాముకి పన్నెండు కిటికీలు అలాగే పోగొట్టుకున్నాను. జిగురు విప్పింది బాగానే ఉంది, గోడల్లో మాత్రం పన్నెండు కన్నాలు మిగిలాయి. చివరికి దాన్ని తగలబడిన గోదాము కింద మార్చేసి నా బొమ్మ రైళ్ల లేఅవుట్ మూలన పెట్టా, వచ్చినవాళ్లందరూ మెచ్చుకునేది దాన్నే.

దుమ్ముకి ఒక్క మాట. మేకప్ బ్రష్షు, పక్కనే వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పాత స్టాకింగ్ ముక్క బిగించి తక్కువ స్పీడులో పెట్టుకోవాలి. ఊడిపోయిన ముక్క ఏదైనా ఆ గుడ్డ మీద దొరుకుతుంది. తెల్లపొడి పట్టిన మిల్లుకి ఇది వద్దు, అమ్మాయి చెప్పినట్టే చెయ్యి.

—

పెట్టె_విప్పను:

పెట్టెలు మూడూ విప్పి చూశా. రెండు బాగానే ఉన్నాయి. మూడో దాంట్లో పోత ముక్కల సంచి అడుగున తెల్లపొడి. జిప్ కవర్లోకి మార్చా. పెద్దాయనా, నవ్వొద్దు.

—

బేస్‌మెంట్_జంక్షన్:

అందరికీ చాలా థాంక్స్. వారం తరవాత అప్‌డేట్.

మిల్లు గరాజ్‌లో పై అరలో ఉంది, తుడిచే పని మాస్కు తెచ్చాక. బేస్‌మెంట్‌లో తేమ మీటరు పెడితే 68 శాతం చూపించింది, గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫయర్ కొన్నాను. కిట్టు కన్నా దానికి ఎక్కువైంది. ఇప్పుడు 47 దగ్గర ఉంటోంది, బియ్యం డబ్బా కూడా కిందికి తెచ్చుకోవచ్చు అంది మా ఆవిడ, కాబట్టి ఆ ఖర్చు మీద గొడవేం లేదు.

గోడలు గుంట వైపు తడిపి వంటింటి టైళ్ల మధ్య పెట్టా. రెండో రోజు తీసి చూశా, మళ్లీ పెట్టా. ఒకటి పూర్తిగా సాపు అయ్యింది, వెనక నాలుగు బద్దలు అంటించేశా. రెండోది ఒక చివర ఇంకా గోరంత లేచి ఉంది. ఇండియా ఇంక్ స్టెయిన్ మావాడే కలిపాడు, విరిగిన బద్ద ముక్కల మీద వేసి చూసుకున్నాం. ఒక పూత వేస్తే పాత కంచెలా ఉంది, మూడు పూతలు వేస్తే కాలిన కట్టెలా ఉంది.

ఒక్క డౌటు. షింగిల్స్ అంటించేముందు రంగు వెయ్యాలా, అంటించాక వెయ్యాలా? ఆ గోరంత లేచిన చివర ఇంకోసారి తడపాలా, లేక బద్ద అంటించేస్తే అదే సర్దుకుంటుందా?

—

పాత_పట్టాలు:

చుట్టకి ముందే పల్చగా, ఆల్కహాల్ స్టెయిన్‌తోనే, నీళ్ల రంగు వద్దు, బంక కరుగుతుంది. అంటించాక అక్కడక్కడ ఒక్కో షింగిల్‌ని కొంచెం ముదురు చెయ్యి.

బద్దతో లాగి సాపు చేద్దామనుకోకు, ఆర్నెల్లకి మూల విచ్చుకుంటుంది. ఇంకోసారి తడుపు. మూడు రోజులు. చూడకు.