డిస్కులు కాక ఇరవై వేలలో ఇంటి నాస్: పాత ఆఫీసు పీసీయా, రెడీమేడ్ పెట్టెనా?

హన్మకొండ మేడ:
అందరికీ నమస్తే. ఇంట్లో నాలుగు ఫోన్ల ఫొటోలు, అక్క పెళ్లి వీడియోలు, నాన్న స్కాన్ చేయించిన పొలం కాగితాలు అన్నీ ఒక్కచోట, ఇంటి నెట్‌వర్క్‌లో అందరి ఫోన్లకీ అందే నిల్వ పెట్టెలో (నాస్) పెట్టాలని ఉంది. 2021 జూన్‌లో గూగుల్ ఫొటోస్ ఉచిత అపరిమిత నిల్వ ఎత్తేసినప్పటి నుంచి నెలనెలా కడుతూనే ఉన్నాం. 4 టీబీ డిస్కులు రెండు మిర్రర్‌లో పెడతా, అంటే రెండిట్లోనూ అదే డేటా. అవి కాక ఇరవై వేలు దాటకూడదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత ఆఫీసు పీసీలు దొరుకుతున్నాయి: ఐ5 ఆరో తరం, 8 జీబీ ర్యామ్. మా బావేమో సైనాలజీ కంపెనీ రెడీమేడ్ నాస్ పెట్టె డీఎస్223జే కొనుక్కుని హాయిగా ఉండమంటున్నాడు. ఏది మేలు?

కాకినాడ కేబుల్:
పాత పీసీయే. డీఎస్223జేలో ఉన్నది 1 జీబీ ర్యామ్, అదీ పెంచుకోవడానికి వీల్లేదు. ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టే ఇమ్మిచ్ లాంటిది రేపు పెట్టాలనిపిస్తే అందులో కదలదు. పీసీలో ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత నాస్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి, కింద ఉన్నది డెబియన్ లైనక్సే. పైగా 2025లో సైనాలజీ వాళ్లు తమ డిస్కులే వాడాలని మెలిక పెట్టారు కదా, మళ్లీ పెట్టరని నమ్మకమేంటి?

రెండు దీపాలు:
ఆ మెలిక ప్లస్ మోడళ్లకి, ఈయన అడిగేది జే మోడల్. అదీ కాక అదే ఏడాది అక్టోబర్‌లో తమ పెట్టెల సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం 7.3తో హార్డ్ డిస్కుల వరకు వెనక్కి తీసుకున్నారు. సగం కథ చెప్పి భయపెట్టకండి అన్నా.

అసలు లెక్క కరెంటుది. ఐ5 అంటే 65 వాట్లు. రాత్రీపగలూ నడిస్తే నెలకి 47 యూనిట్లు. హన్మకొండ గారూ, మీకు గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) వస్తోందా? నెలకి ఎంత కాలుతోంది?

హన్మకొండ మేడ:
వస్తోందండీ. 180 చుట్టూ తిరుగుతుంది. ఎండాకాలం ఇంకాస్త ఎక్కువ.

రెండు దీపాలు:
ఇంకేం మరి. 200 దాటిన నెల జీరో బిల్లు ఉండదు. దాటిన నాలుగు యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. 200 యూనిట్లకి 5.10 చొప్పున వేసుకున్నా వెయ్యి దాటింది. పీసీ చవక అని మురిసిపోతే అది మీటర్ దగ్గర వసూలు చేసుకుంటుంది.

కాకినాడ కేబుల్:
65 అనేది టీడీపీ. పార్టీ కాదు బాబూ, ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తున్నప్పుడు బయటికి తోలాల్సిన వేడి లెక్క. ఫొటోలు దాచే సర్వర్ రోజులో ఎక్కువ భాగం ఊరికే కూర్చుంటుంది. ఆరో తరం బ్రాండెడ్ ఆఫీసు పీసీ ఊరికే ఉంటే 15 వాట్ల చుట్టుపక్కల తింటుంది. 3.5 అంగుళాల డిస్కు తిరుగుతుంటే ఒక్కోటి 5 వేసుకోండి. మొత్తం 25, నెలకి 18 యూనిట్లు. 47 ఎక్కడ, 18 ఎక్కడ?

రెండు దీపాలు:
సరే, 180కి 18 కలపండి. 198. ఒక ఆదివారం ఇస్త్రీ పెట్టె కాసేపు ఎక్కువ వాడితే గోవిందా. మా పెట్టె డిస్కులతో కలిపి 16 వాట్లు, నెలకి 12 యూనిట్ల లోపే.

మీటర్ మిణుకు:
ఇద్దరూ కాగితం మీద కొట్టుకుంటున్నారు. కొన్నాక, వెనక్కిచ్చే గడువు ఉండగానే ఇలా చూడండి. ఇంట్లో మిగతా అన్నీ ఆపేసి ఆ పీసీ ఒక్కటే నడపండి. కరెంటు మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మిణుకుతుంది. యూనిట్‌కి ఎన్ని మిణుకులో పక్కనే ముద్రించి ఉంటుంది, చాలావాటి మీద 3200. అలాగైతే 25 వాట్లకి గంటకి 80 మిణుకులు, అంటే 45 సెకన్లకి ఒకటి. 20 సెకన్లకే మిణికితే ఆ పీసీ 56 వాట్లు తింటున్నట్టు. ఫ్రిజ్, వైఫై రౌటర్, ఇన్వర్టర్ చార్జింగ్ ఆపడం మర్చిపోవద్దు.

పిట్టగోడ:
రాస్ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ మాట ఎవరూ అనలేదేం? 5, 6 వాట్లతో పోతుంది.

కాకినాడ కేబుల్:
పై 4కి డిస్కుని నేరుగా తగిలించే సాటా పోర్టు లేదు, డిస్కులు యూఎస్‌బీ మీద వేలాడాలి. చవక యూఎస్‌బీ డబ్బాల్లోని చిప్పు ఎప్పుడో ఒక క్షణం డిస్కుని వదిలేస్తుంది, మిర్రర్ విరిగిందని రాత్రంతా మళ్లీ కట్టుకుంటూ కూర్చుంటుంది. మీటర్ అన్న చెప్పిన పద్ధతి మాత్రం సూపర్.

బస్తీ బైట్స్:
24 గంటలూ నడపాలని ఎవరన్నారు? ఆఫీసు పీసీల బయోస్‌లో రోజూ ఫలానా టైముకి తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది. డెల్‌లో దాని పేరు ఆటో ఆన్ టైమ్. సాయంత్రం 6కి లేచి, అర్ధరాత్రి 12కి క్రాన్‌తో (టైముకి పని చేయించే లైనక్స్ సాధనం) షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి. రోజుకి ఆరు గంటలు, 25 వాట్లు: నెలకి నాలుగున్నర యూనిట్లు. అందరూ ఇంట్లో ఉండే టైము అదే, ఫోన్లు వైఫై దొరకగానే ఫొటోలు ఎక్కించేస్తాయి. దీపాలు గారి పెట్టెకి కూడా ఈ టైమర్ ఉందిలెండి, కాబట్టి ఇప్పుడు కరెంటు లెక్క ఇద్దరికీ పక్కకి పోయింది.

ఇంతమంది ప్రాసెసర్ గురించి కొట్టుకుంటున్నారు గానీ డేటా పోయేది దాని వల్ల కాదు. గిగాబిట్ నెట్‌వర్క్‌లో సెకనుకి 110 ఎంబీ మించి రాదు, పదేళ్ల నాటి ఐ5 కూడా నిద్రలో ఇచ్చేస్తుంది. డిస్కుల దగ్గర జాగ్రత్త పడండి. ఎస్ఎంఆర్ రకం (ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా రాసేది, మిర్రర్ మళ్లీ కట్టేటప్పుడు బాగా నెమ్మదిస్తుంది) వద్దు, ట్రాకులు విడివిడిగా రాసే సీఎంఆర్ అని తేల్చుకునే కొనండి. పేరు చూసి నమ్మడానికి లేదు: 2020లో డబ్ల్యూడీ వాళ్ల నాస్ డిస్కులైన రెడ్‌లో 2 నుంచి 6 టీబీ వాటిలో ఎస్ఎంఆర్ పెట్టారని బయటపడింది. ఆ తర్వాతే సీఎంఆర్‌వి రెడ్ ప్లస్ అయ్యాయి. రెండు డిస్కులూ ఒకే రోజు ఒకే షాపులో తీసుకోవద్దు, ఒకే లాట్‌వి ఒకేసారి పోయే ప్రమాదం ఉంది. మిగిలిన డబ్బు యూఎస్‌బీ పోర్టున్న యూపీఎస్‌కి పెట్టండి, కరెంటు పోయి బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనే ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనకాల చిన్న స్విచ్ చూడండి. అది యూపీఎస్ మోడ్‌లో లేకపోతే కరెంటు మారే రెప్పపాటులో పీసీ రీస్టార్ట్ అవుతుంది.

రెండు దీపాలు:
డిస్కుల మాట ఒప్పుకుంటా. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. హన్మకొండ గారు ఊళ్లో లేనప్పుడు ఓపెన్‌మీడియావాల్ట్ అప్‌డేట్ మొరాయిస్తే వాళ్లమ్మగారు ఎవరికి ఫోన్ చేస్తారు? పెట్టె అయితే ఆపి ఆన్ చేయమని చెప్పొచ్చు.

హన్మకొండ మేడ:
అమ్మకి నేనే కస్టమర్ కేర్, ఏది కొన్నా 😀 పీసీయే తీసుకుంటా, టైమర్ పెడతా. రెండు 3.5 అంగుళాల డిస్కులు పట్టాలి కాబట్టి సన్నది కాకుండా టవర్ చూస్తా. పొలం కాగితాలు విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి అత్తమ్మ వాళ్లింట్లో ఉంచుతా, మిర్రర్‌ని నమ్ముకుని కాదు.

బస్తీ బైట్స్:
మంచిది. ఒక్కటి మర్చిపోయా. మిర్రర్‌ని ఎండీఏడీఎం అనే లైనక్స్ సాధనంతో కడితే, రెండు డిస్కుల్లో ఉన్నది ఒకటేనా కాదా అనే తనిఖీని డెబియన్ నెలలో మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక పెడుతుంది. మీ సర్వర్ 12కే పడుకుంటే అది ఎప్పటికీ నడవదు. దాన్ని సాయంత్రానికి జరిపి, ఆ ఒక్క రోజు షట్‌డౌన్ ఆపండి. 4 టీబీకి ఆరు గంటలు చాలవు.