నాన్నగారి ఫోనులోని రిమోట్ యాప్‌కు టీవీ బాక్సు కనబడకుండా పోతోంది

ప్రశ్న: రాజోలు ఆడపడుచు

నమస్కారం. మాది రాజోలు దగ్గర పాత మండువా ఇల్లు. ఫైబర్ మోడెం వీధి అరుగు పక్క గదిలోనూ, టీవీ మండువాలోనూ ఉన్నాయి. గోడలు మూరెడు మందం కావడంతో పెరటి వైపు గదులకు వైఫై అందక, నిరుడు అక్కడ రెండో రూటర్ పెట్టించాము. రెండింటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. స్ట్రీమింగ్ బాక్సు రిమోటు వానకు తడిసి పాడైన నాటి నుంచి మా నాన్నగారు ఫోనులోని రిమోట్ యాప్‌తోనే నెట్టుకొస్తున్నారు.

ఉదయం యాప్ చక్కగా పనిచేస్తుంది. మధ్యాహ్నం ఆయన భోజనం చేసి, పెరటి గదిలో కాసేపు కునుకు తీసి మండువాలోకి వచ్చేసరికి ‘డివైస్ దొరకలేదు’ అని చూపుతుంది. ఆ సమయంలోనూ టీవీలో బొమ్మ ఆగకుండా వస్తూనే ఉంటుంది. యాప్ తీసేసి మళ్లీ వేశాను, ఫలితం లేదు. ఫోను ఆపి వేస్తే మాత్రం కొంతసేపు బాగుంటుంది. బాక్సును ఫ్యాక్టరీ రీసెట్ చేద్దామనుకుంటున్నాను. ఆదివారం నేను హైదరాబాదు తిరిగి వెళ్లాలి. నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు, ఆ తరువాత చూసిపెట్టేవారు ఎవరూ ఉండరు. దయచేసి సలహా చెప్పగలరు.

జవాబు: పాలకొల్లు మాస్టారు

అమ్మా, ఫ్యాక్టరీ రీసెట్ జోలికి మాత్రం వెళ్లకండి. రీసెట్ చేసిన బాక్సు మీ వైఫై పేరునూ పాస్‌వర్డునూ మరచిపోతుంది. వాటిని తిరిగి ఎక్కించడానికి రిమోటు కావాలి. యాప్ ఏమో బాక్సు వైఫైలో చేరిన తరువాతే దానిని కనుక్కోగలదు. మా అన్నయ్యగారి ఇంట్లో సరిగ్గా ఇలాగే జరిగి, కొత్త రిమోటు వచ్చేవరకు నాలుగు రోజులు ఊరికే కూర్చోవలసి వచ్చింది. మోడెంలో వైఫై పేరు మార్చినా ఇదే చిక్కు. అటువంటప్పుడు ఒక ఫోనులో పాత పేరుతోనే, పాత పాస్‌వర్డుతోనే హాట్‌స్పాట్ పెట్టి, యాప్ ఉన్న ఫోనును కూడా అందులో చేర్చితే బాక్సు మళ్లీ చేతికి వస్తుంది.

ఇంకొక ఆసరా కూడా మీ ఇంట్లోనే ఉండవచ్చు. టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ సీఈసీ అనే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది. బాక్సు కూడా దానికి ఒప్పుకుంటే, టీవీ రిమోటులోని బాణం మీటలే బాక్సును నడిపిస్తాయి. ఆ సంకేతాలు హెచ్‌డీఎంఐ తీగ గుండా పోతాయి కనుక వైఫైతో పనిలేదు.

జవాబు: భీమవరం నుంచి

ఇళ్లకు ఇంటర్నెట్ తీగలు లాగే పనిలో పదేళ్లుగా ఉన్నాను. మీ ప్రశ్నలో అసలు ఆనవాలు పెరటి గదిలోని ఆ కునుకులోనే ఉంది. నాన్నగారితో పాటు ఫోను కూడా పెరటికి వెళ్లి, అక్కడ గట్టిగా అందే రెండో రూటర్‌ను పట్టుకుంటుంది. మండువాలోకి తిరిగి వచ్చినా, ఆ సిగ్నల్ బాగా పడిపోయేదాకా దానిని వదలదు. పేరు ఒకటే కావడంతో మీకు తేడా తెలియదు.

బాక్సు తన వీడియోను మోడెం నుంచి నేరుగా తెచ్చుకుంటుంది కాబట్టి బొమ్మ ఆగదు. యాప్ మాత్రం బాక్సు కోసం ఇంటి నెట్‌వర్క్‌లోనే ఒక కేక వేస్తుంది. చాలా పరికరాలు ఎండీఎన్‌ఎస్ అనే పద్ధతిలో, 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు వచ్చిన కేక విని పలుకుతాయి. ఆ కేక రూటర్ గడప దాటదు. రెండో రూటర్ తనదంటూ వేరే నెట్‌వర్క్ నడుపుతుంటే, ఒకే ఇంట్లో ఉన్నా ఫోను ఒక వీధిలో, బాక్సు మరో వీధిలో ఉన్నట్టే.

యాప్ పనిచేయని సమయంలోనే ఫోను వైఫై వివరాల్లో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరం చిరునామా) చూడండి. బాక్సు అడ్రస్ దాని నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. చుక్కలతో విడిపోయిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ రెండింటిలో కలవకపోతే, రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, అంటే వేరే నెట్‌వర్క్ నడపకుండా మోడెం నెట్‌వర్క్‌నే అందించే పద్ధతిలోకి, మార్చండి. ఆ మోడ్ లేకపోతే, మోడెంతో తగువు రాకుండా దాని సొంత చిరునామాను మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేసి, మోడెం నుంచి వచ్చే తీగను రూటర్ వెనుక వ్యాన్ (బయటి లైను) రంధ్రం నుంచి తీసి ల్యాన్ (ఇంటి పరికరాల) రంధ్రంలో పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు: రాజోలు ఆడపడుచు

మీరు చెప్పినట్లే ఉందండి. ఫోనుది 192.168.0.104, బాక్సుది 192.168.1.7. రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చిన తరువాత నాన్నగారు ఇల్లంతా తిరిగి వచ్చినా యాప్ తప్పలేదు. అయితే నిన్న సాయంత్రం కరెంటు పోయి వచ్చాక కొంతసేపు మళ్లీ ‘డివైస్ దొరకలేదు’ అన్నది. మోడెం ఇన్వర్టర్ మీద ఉంది. టీవీ, రెండో రూటర్ లేవు.

జవాబు: నరసాపురం నుంచి

బాక్సుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తున్నదో చూడండి. టీవీ వెనుక యూఎస్‌బీ రంధ్రానికి తగిలించి ఉంటే, టీవీ ఆగినప్పుడు బాక్సు కూడా ఆగిపోవచ్చు. అది తిరిగి లేచి వైఫైలో చేరేవరకు యాప్‌కు కనబడదు. పైగా యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం ఆ రంధ్రం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. బాక్సు అడాప్టర్ మీద 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే ఆ అడాప్టరే వాడాలి. దానిని, రెండో రూటర్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్చండి. రూటర్ ఆరిపోతే ఫోను మొబైల్ డేటాకు మారిపోవచ్చు, అప్పుడు కూడా యాప్ బాక్సును వెతకలేదు.

మోడెం సెట్టింగ్స్ పేజీలో బాక్సు మ్యాక్ అడ్రస్‌కు (ఆ పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యకు) ఒకే ఐపీని కేటాయించి ఉంచండి. కొన్ని యాప్‌లు పాత చిరునామానే గుర్తుపెట్టుకుని వెతుకుతాయి. నాన్నగారిది ఐఫోన్ అయితే, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి యాప్‌కు ‘లోకల్ నెట్‌వర్క్’ అనుమతి విడిగా ఇవ్వాలి.

ప్రశ్న అడిగినవారు: రాజోలు ఆడపడుచు

బాక్సు టీవీ యూఎస్‌బీకే తగిలించి ఉంది. అడాప్టర్ అటక మీద పాత అట్టపెట్టెలో దొరికింది. దానినీ రెండో రూటర్‌నూ ఇన్వర్టర్ లైనుకు మార్చి, బాక్సుకు 192.168.1.50 కేటాయించాను. ఈ రాత్రి కరెంటు పోయి వచ్చింది. టీవీ వెలగగానే నాన్నగారు యాప్ తెరిచి, నన్ను పిలవకుండానే తన భక్తి ఛానల్ పెట్టుకున్నారు. టీవీ రిమోటు బాణాలు కూడా బాక్సుకు పనిచేస్తున్నాయి. ఈ అంకెలన్నీ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి టీవీ బల్ల సొరుగులో పెట్టాను. అందరికీ కృతజ్ఞతలు.