సెకండ్ హ్యాండ్ ఇన్‌బోర్డ్ బోటు: కొనేముందు ఏం చూడాలి?

హన్మకొండ_పోరడు:
అందరికీ నమస్తే. ఇంట్లో ఎనిమిది మందిమి. మా తమ్ముడు బయటి దేశంలో చదువుకుంటూ వేక్‌బోర్డింగ్ (బోటు వెనక తాడు పట్టుకుని పలక మీద నీళ్ళలో జారే ఆట) నేర్చుకొచ్చాడు, వచ్చినప్పటి నుంచి అదే గోల. గోవాలో ఒకాయన దగ్గర 21 అడుగుల ఇన్‌బోర్డ్ బోటు (ఇంజను లోపలే ఉండేది) అమ్మకానికి ఉంది. వీ-డ్రైవ్ అట, ఇంజను నడిచింది మీటరు మీద 620 గంటలు. ఆదివారాలు అమ్మానాన్నల్ని తిప్పడానికీ, వాడి సరదాకీ రెంటికీ పనికొస్తుందా?

మానేరు_గట్టు:
ముందు ఎక్కడ దింపుతావో చెప్పు తమ్ముడూ. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది, దాన్ని మర్చిపో. లోయర్ మానేరైనా ఇంకోటైనా ఇరిగేషన్ వాళ్ళ అనుమతి కావాలి. పైగా 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం ఇంజనున్న బోటుకు సర్వే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలి. కాగితాలు లేని బోటు ఎంత చవకైనా గట్టు మీద పెట్టుకునే తొట్టే.

డాలస్_మామ:
మాది జనగామ, ఇప్పుడు డాలస్ దగ్గర. లూయిస్‌విల్ లేక్‌లో ఆరేళ్ళుగా ఇన్‌బోర్డే నడుపుతున్నా. నీ అవసరానికి వీ-డ్రైవ్ సరైనదే. ఇంజను వెనక్కి పోతుంది కాబట్టి నడుమ కూర్చోడానికి జాగా దొరుకుతుంది, ఆ బరువుకి వెనక అల కూడా బాగా లేస్తుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో ఇంజను పెట్టె నట్టనడుమ ఉంటుంది, అల చిన్నది. అది స్కీయింగ్ వాళ్ళ బండి. ఇన్‌బోర్డ్‌లో ప్రొపెల్లర్ బోటు కడుపు కింద ఉంటుంది, వెనక పొడుచుకు రాదు. పిల్లలున్నారని నేను ఇదే తీసుకున్నా. అయినా ఎవరైనా నీళ్ళలో ఉండి బోటు ఎక్కుతుంటే ఇంజను ఆపాల్సిందే.

బాగా చూసుకున్న బోటైతే 620 గంటలు ఎక్కువేం కాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడు, ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని చెప్పు, వెచ్చగా ఉంటే స్టార్టింగ్ లోపాలు బయటపడవు. ఆయిల్ కడ్డీ తీస్తే పాలు పోసిన టీలా కనిపించిందా, లోపలికి నీళ్ళు పోయినట్టే, వెనక్కి వచ్చెయ్. అన్ని సిలిండర్లకూ కంప్రెషన్ టెస్ట్ (లోపలి ఒత్తిడి కొలిచేది) చేయించు, అంకెలు ఒకదానికొకటి దగ్గరగా రావాలి. నీళ్ళ పంపులో రబ్బరు ఇంపెల్లర్‌ని (నీళ్ళు తోసే రెక్కల చక్రం) ఏటా మార్చాలి, చివరిసారి మార్చిన బిల్లు అడుగు. అది లేదంటే మిగతావీ చేయించలేదనుకో. పాత బోట్లలో ఫైబర్ కింద చెక్క దూలాలుంటాయి, నీరు పట్టి కుళ్ళుతాయి. చెక్క సుత్తితో నేలంతా తట్టుకుంటూ పో. టక్‌టక్‌మంటే సరే, మొద్దుగా మోగితే అనుమానించు. నీళ్ళ మీద నడపకుండా మాత్రం రూపాయి అడ్వాన్స్ ఇవ్వకు.

ఎల్లంపల్లి_స్పానర్:
మామ చెప్పినవన్నీ కరెక్ట్. కానీ గోవా అంటున్నావు, సముద్రంలో తిరిగిందా? ఈ ఇంజన్లలో చాలావాటికి బయటి నీళ్ళతోనే కూలింగ్. ఉప్పునీళ్ళు తాగిన ఇంజనుకు ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (పొగ బయటికి పంపే గొట్టాలు) లోపల్నుంచి తుప్పు పట్టుకుంటూ వస్తాయి. పైన పెయింట్ చూసి మోసపోకు.

ఇక మన నీళ్ళ సంగతి. ప్రొపెల్లర్, షాఫ్ట్, చుక్కాని అన్నీ అడుగున వేలాడుతుంటాయి. మిడ్ మానేరులో మునిగిన ఊళ్ళున్నాయి. ఎండాకాలం గోడలు, చెట్ల మోడులు బయటపడితే ఫర్వాలేదు, జానెడు నీళ్ళ కింద దాక్కున్నప్పుడే టెన్షన్. ఔట్‌బోర్డ్ (వెనక బయట తగిలించే ఇంజను) అయితే దెబ్బ తగిలితే పైకి లేస్తుంది, దీనికి ఆ వీలు లేదు, షాఫ్టే వంగుతుంది. జాలరోళ్ళ వలలు వేరే. వాళ్ళను అడగకుండా ఉరికావా, వల తెగితే వాళ్ళ పొట్ట మీద కొట్టినట్టు, షాఫ్ట్‌కు చుట్టుకుంటే నీ జేబుకు చిల్లు.

కాజీపేట_అక్క:
పెట్రోలు లెక్క ఎవరూ చెప్పరేం?

డాలస్_మామ:
తాడు కట్టి లాగేటప్పుడు నాది గంటకు 20 లీటర్లు దాటుతుందక్కా.

కాజీపేట_అక్క:
గంటకు రెండు వేల పైనే అన్నమాట! అది మీ ఇష్టం. కానీ 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర బోటు మునిగితే మన కడిపికొండ వాళ్ళు కూడా పోయారు. అమ్మానాన్నలు ఉక్కపోత అన్నా సరే, లైఫ్ జాకెట్ వేయకుండా ఎక్కించకు తమ్ముడూ.

హన్మకొండ_పోరడు:
గోవా వెళ్ళొచ్చా. పొద్దున 8 గంటలకే పోతే ఇంజను అప్పటికే వెచ్చగా ఉంది. "మీ కోసమే వార్మప్ చేశాం" అన్నారు. ఆయిల్ బాగుంది. మానిఫోల్డ్ బోల్టుల చుట్టూ తుప్పు పొరలు లేస్తున్నాయి, బిల్లులు "ఎక్కడో ఉన్నాయి" అట. వదిలేశా. తమ్ముడు రెండు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు బోటు వెతకడం ఆపి ముందు ఇరిగేషన్ ఆఫీసుకు వెళ్తున్నా. లోయర్ మానేరులో సొంత బోటుకు అనుమతి అడిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఏయే కాగితాలు అడిగారో చెప్పండి.