కునికిపాటును పట్టే కెమెరా: వాడినవారి అనుభవాలు కావాలి

రాత్రి సర్వీసు:
విజయవాడ–హైదరాబాద్ రాత్రి బస్సు నడుపుతాను. మూడు నెలల క్రితం స్టీరింగుకు ఎదురుగా అగ్గిపెట్టెంత కెమెరా బిగించారు. రెప్ప వాలితే మోగుతుంది. మొదటి వారం చిరాకు పుట్టింది, స్పీడు మీటరు చూడడానికి కళ్లు దించినా మోగేది. తరువాత ఒక రాత్రి, మూడు దాటాక, సూర్యాపేట దగ్గర మోగింది. మెలకువగానే ఉన్నానని ఒట్టేసి చెప్పేవాణ్ని. మర్నాడు వీడియో చూపించారు. రెప్పలు సగానికి దిగి, మెల్లగా మూతపడి, తల కుడిపక్కకు ఒరిగింది. నోట మాట రాలేదు. వెనక 36 మంది నిద్రపోతున్నారు. మీ బండ్లలో ఇది ఎలా పనిచేస్తోంది?

మచిలీపట్నం ఇంజనీరు:
కాలేజీలో మా ప్రాజెక్టు ఇదే. ఒక్కో కంటి చుట్టూ ఆరు బిందువులు గుర్తించి, కన్ను ఎంత తెరుచుకుందో దాని వెడల్పుతో పోల్చి లెక్కకడతారు. కన్ను మూస్తే ఆ అంకె పడిపోతుంది. కళ్లు దించినా రెప్ప కిందికి వస్తుంది కాబట్టే మీ స్పీడు మీటరు గొడవ. అందుకే ఒక్క రెప్పపాటును పట్టించుకోకుండా, నిమిషంలో ఎంతసేపు కన్ను 80 శాతానికి మించి మూసుకుని ఉందో చూస్తారు. దీని పేరు పెర్‌క్లోస్. మాది ల్యాబులో చక్కగా నడిచింది, రాత్రి కారులో పెడితే ముఖమే దొరకలేదు. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు లేకపోతే చీకట్లో ఇది దండగ. ఇంకొకటి, ఆ అంకె ఎంతకు పడితే మోగాలో అందరికీ ఒకే హద్దు పెట్టాం. మా జట్టులో చిన్న కళ్ల అమ్మాయి ఉంది, ఆమె నవ్వినా మోగేది! బండి ఎక్కగానే ఎవరి కళ్లను బట్టి వారికి హద్దు కుదరాలి.

జర్మనీ నుంచి:
యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి కొత్త కార్లన్నింటికీ ఈ హెచ్చరిక తప్పనిసరి. మా కారు మాత్రం ముఖం చూడదు, స్టీరింగు తిప్పే తీరు చూసి కాఫీ కప్పు బొమ్మ వెలిగిస్తుంది.

లారీ డ్రైవరు కూతురు:
మా నాన్న ఆ కెమెరాకు గుడ్డ కడతారు. మోగినప్పుడల్లా ఓనరు బత్తాలో కోత పెడుతున్నాడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రోజుకు పని 8 గంటలని ఉండేది. నాన్న 14 గంటలు స్టీరింగు మీద ఉంటారు. కన్ను మూతపడడం కెమెరాకు తెలుస్తోంది, ఎందుకు మూతపడుతోందో డ్యూటీ వేసేవాళ్లకు తెలియదా?

రాత్రి సర్వీసు:
అమ్మా, అది చాలా అన్యాయం. మాకు కోత లేదు. మోగితే కంట్రోల్ రూము నుంచి ఫోను వస్తుంది, బండి ఆపి 20 నిమిషాలు పడుకోమంటారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు రెప్ప వాలితే బండి దాదాపు 67 మీటర్లు చూపు లేకుండా పోతుంది. టీ తాగి వెంటనే కన్ను మూయమని నాన్నగారికి చెప్పండి. లేచేసరికి టీ పనిచేయడం మొదలవుతుంది. ముఖం కడుక్కుంటే వచ్చే మెలకువ ఎంతోసేపు నిలవదు.

లారీ డ్రైవరు కూతురు:
మీరు రాసింది ఫోనులో చదివి వినిపించాను. నిన్న రాత్రి కోదాడ దాటాక లారీ పక్కకు ఆపి పడుకున్నారట. గుడ్డ మాత్రం కోత ఆపేదాకా తీయనంటున్నారు.