వంగే పీజో షీట్ తయారైంది, నాడి మాత్రం పట్టడం లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎంటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. అలిపిరి మెట్లెక్కేవాళ్ళ మణికట్టుకు చుట్టి నాడి చూసే పట్టీ నా ప్రాజెక్టు. పీజడ్‌టీ అనే పీజో సిరామిక్ (నొక్కితే చార్జి పుట్టించే పదార్థం) పొడిని బరువులో 60 శాతం ఉండేలా సిలికోన్ రబ్బరులో కలిపి, అర మిల్లీమీటరు మందాన షీట్ పోశాను. 1 కిలోవోల్టు పెట్టి గంటసేపు పోలింగ్ (విద్యుత్ క్షేత్రంతో పీజో గుణం తెప్పించడం) చేశాను. షీట్ చక్కగా వంగుతోంది. వేలితో తడితే ఆసిలోస్కోప్‌లో (వోల్టేజీని గీతగా చూపే పరికరం) గీత లేస్తోంది, మణికట్టుకు కడితే ఏమీ రావడం లేదు. మూడు వారాల్లో రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది. పొడి నాసిరకమా?

జవాబు:
పొడిని అనుమానించకు తమ్ముడూ. పీజడ్‌టీ సాంద్రత దాదాపు 7.6, సిలికోన్ రబ్బరుది సుమారు 1. కాబట్టి బరువులో 60 శాతమంటే ఘనపరిమాణంలో 16 శాతమే. రేణువులు రబ్బరులో ఎక్కడికక్కడ విడిగా ఉండిపోయాయి.

అసలు చిక్కు పోలింగ్‌లో వచ్చింది. సిరామిక్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం (క్షేత్రాన్ని తనలో ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) రకాన్ని బట్టి మారుతుంది, నీది 1700 అనుకుందాం, రబ్బరుది సుమారు 3. అంత తేడా ఉంటే వోల్టేజీని రబ్బరే మింగేస్తుంది. గుండ్రటి ఒంటరి రేణువుకు లెక్క కట్టి చూడు, లోపలికి చేరే క్షేత్రం బయటిదానిలో దాదాపు 200వ వంతు. నువ్వు మిల్లీమీటరుకు 2000 వోల్టులిచ్చావు, రేణువుకు అందింది పదే. ఆ పదికి రేణువులోని డొమైన్లు (ఒకే దిక్కు ధ్రువణమున్న చిన్న ప్రాంతాలు) కదలవు.

తట్టినప్పుడు లేచిన గీత వేలి రాపిడి చార్జి కావచ్చు. వైర్లు అలాగే ఉంచి షీట్‌ను బోర్లించి మళ్ళీ తట్టు. నిజమైన పీజో సిగ్నల్ అయితే గీత కిందికి తిరగాలి.

ప్రశ్న:
బోర్లించి చూశానన్నా, గీత పైకే లేచింది. రెండు నెలల పని, ఏడుపొచ్చినంత పనైంది. ఇప్పుడేం చేయాలి?

జవాబు:
నీ షీట్ వృథా కాదు, రిపోర్టులో ఈ పరీక్ష తప్పకుండా రాయి. ఇదే పద్ధతిలో ముందుకెళ్ళాలంటే పొడి బాగా పెంచాలి, రబ్బరులో చిటికెడు కార్బన్ కలపాలి. అప్పుడు క్షేత్రం కొంత సిరామిక్‌లోకి జరుగుతుంది. కార్బన్ ఎక్కువైతే షార్టే. సరైన పాళ్ళు దొరికేసరికి మూడు వారాలు చాలవు.

నేనైతే 1-3 రకానికి మారతాను. ఈ అంకెల పద్ధతి 1978లో అమెరికాలోని పెన్ స్టేట్‌లో న్యూన్‌హామ్ బృందం పెట్టింది. మొదటి అంకె సిరామిక్ ఎన్ని దిక్కుల్లో తెగకుండా సాగుతుందో చెబుతుంది, రెండోది పాలిమర్‌ది. నీది 0-3. 1-3లో సిరామిక్ కడ్డీలు ఈ ఎలక్ట్రోడ్ నుంచి ఆ ఎలక్ట్రోడ్ దాకా నిలబడతాయి, మధ్యలో రబ్బరు అడ్డురాదు. ముందే పోలింగ్ చేసిన పీజడ్‌టీ పలక కొను. డైసింగ్ రంపంతో (సన్నటి గుండ్రటి బ్లేడుతో కోసే యంత్రం) అడుగు తెగకుండా అడ్డంగా, నిలువుగా గాడులు కోసి, వాటిలో సిలికోన్ పోసి గాలి బుడగలు వాక్యూమ్‌లో తీసెయ్. గట్టిపడ్డాక అడుగున మిగిలిన సిరామిక్‌ను అరగదీసి, రెండు వైపులా వంగే వాహక పేస్టు పూయి. పలక మరీ వేడెక్కనివ్వకు, పోలింగ్ పోతుంది.

ఇంకొకటి, స్కోప్‌కు నేరుగా కలపకు. దాని ఇన్‌పుట్ 1 మెగాఓమ్. నీ ముక్క కెపాసిటెన్స్ 100 పికోఫారడ్ అయితే చార్జి మిల్లీసెకనులో పదో వంతుకే చాలావరకు కారిపోతుంది. నాడి కొట్టుకునేది సెకనుకు ఒకసారి. షీట్ ఎంత మంచిదైనా ఆ వేగంలో ఏమీ కనిపించదు, చార్జి యాంప్లిఫయర్ (చార్జిని పట్టి వోల్టేజీగా మార్చే సర్క్యూట్) పెట్టు.

కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు నీళ్ళు ఆగకుండా పడాలి. పీజడ్‌టీలో సీసం ఉంది, ఆ దుమ్ము పీల్చకూడదు. ఆ నీళ్ళు సింకులో పోయకుండా విడిగా పట్టి, ల్యాబ్‌లో ప్రమాదకర వ్యర్థాలు చూసేవాళ్ళకు అప్పగించు.